బండి ఎక్కడ ఆగింది

"నా యూనిఫాం ఎందుకు మడతపెట్టావు వదినా?"

వదిన వెనక్కి తిరగలేదు. దండెం మీంచి తీసిన నీలం చొక్కాను ఒళ్ళో పరుచుకుని, చేతులు రెండూ లోపలికి మడిచి, అరచేత్తో శ్రద్ధగా రాసింది. తర్వాత బీరువా అడుగు అర లాగి, పాత దుప్పట్ల కిందికి దాన్ని తోసేసింది.

"ఇప్పట్లో దానితో పనేముంది?" అంది.

"రేపు విచారణకి వేసుకెళ్ళాలి."

"మామూలు బట్టల్లో వెళ్ళినా అడిగేది అడుగుతారు, చెప్పేది చెబుతావు."

చిన్ని దుప్పట్లు పైకెత్తి యూనిఫాం బయటికి తీసి, మళ్ళీ దండెం మీద వేసింది. మడతలు అప్పుడే పడిపోయాయి. వదిన చూసీ చూడనట్టు వంటింట్లోకి వెళ్ళింది. ఈ మూడు రోజులుగా ఇంట్లో అందరూ ఇలాగే ఉన్నారు. ఎదురుపడితే ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకి తప్పుకుంటున్నారు. ముప్ఫయ్యొక్కేళ్ళొచ్చినా ఆ ఇంట్లో ఆమె చిన్నే. అంబులెన్సులో నర్సుగా ఎన్ని ప్రాణాలు మోసుకొచ్చినా, ఇంటికొస్తే ఆమె గురించి ఏ విషయమైనా ఆమె లేనప్పుడే మాట్లాడుకుంటారు.

ఉద్యోగంలోంచి తీసేశారని ఇంకా ఎవరూ అనలేదు. "విచారణ తేలేదాకా రావద్దు" అన్నారు. ఆ రెండింటికీ తేడా ఏమిటో అన్నయ్య ఒక్కసారి కూడా అడగలేదు.

జరిగింది పదిమందికీ తెలిసిందే. రిటైరైన టికెట్ కలెక్టరొకాయన స్నానాల గదిలో పడిపోయాడు. పక్షవాతం. తెల్లవారుజామున ఎప్పుడో పడిన ఆయన్ని పొద్దెక్కాక చూసి కూతురు ఫోన్ చేసింది. అంబులెన్సు అయిదు నిమిషాల్లో వెళ్ళాల్సిన చోటికి అరగంటకి వెళ్ళింది. రక్తం గడ్డని కరిగించే ఇంజక్షనుకి కొద్దిలో వేళ మించిపోయిందని ఆస్పత్రిలో డాక్టరు అన్నాడు. ఆయన బతికాడు, కానీ కుడి చెయ్యీ కుడి కాలూ పోయాయి. మాట పోయింది. కూతురు ఫిర్యాదు చేసింది.

ఆ అరగంటా బండి దాని చోట లేదు. అంబులెన్సు స్టేషన్లో ఆ సంగతి ఇద్దరికే తెలుసు. బండిలో నర్సుకీ, బండి డ్రైవరుకీ.

స్టేషన్లో అతన్ని అందరూ నింపాది అంటారు. బండి ఎంత వేగంగా తోలినా మనిషి మాత్రం నింపాదిగానే ఉంటాడని పెట్టిన పేరు. ఆ పొద్దున చిన్ని స్టోరులో సెలైన్ సీసాలు లెక్కపెట్టించుకుంటూ ఉంటే, "డీజిల్ కొట్టించుకొస్తా" అని గుమ్మంలోంచి చెప్పి వెళ్ళాడు. కంట్రోల్ రూముకి చెప్పకుండా బండి కదపకూడదు. అయినా అందరూ చేసేదే. అతను వెళ్ళాక కాల్ వచ్చింది. ఆక్సిజన్ సంచీ భుజాన వేసుకుని ఆమె గేటు దగ్గర నిలబడింది. అతని ఫోన్ మోగుతూనే ఉంది, తియ్యలేదు. ఎంతకీ రాని బండి చివరికి వచ్చినప్పుడు, "బంకులో జనం" అన్నాడు. అంతకు మించి అడిగే తీరిక అప్పుడు లేదు.

విచారణలో ఇద్దర్నీ విడివిడిగా పిలిచారు. ముందు ఆమెని పిలిచారు. కంట్రోల్ రూముకి చెప్పకుండా వెళ్ళాడని తెలిస్తే అతని లైసెన్సు పోతుంది. ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "బండి స్టార్టవ్వలేదండీ, చాలాసేపు మొరాయించింది" అని చెప్పింది. ఉద్యోగంలో చేరాక ఆమె డ్యూటీలో ఆడిన మొదటి అబద్ధం అది. చెప్పేసి బయటికొచ్చి, అతని పక్కనుంచి వెళుతూ, ఏం ఫరవాలేదన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది.

అతను లోపలికెళ్ళి, "బండికేం కాలేదండీ. నర్సుగారు స్టోరులోంచి రావడం ఆలస్యమైంది. నేను ఇంజన్ ఆన్ చేసుకుని ఎదురుచూస్తూనే ఉన్నా" అన్నాడు.

మెకానిక్కుని పిలిచి అడిగారు. బండి భేషుగ్గా ఉందన్నాడు. బండి తిరిగిన దారి చూపించే పరికరం ఎప్పుడో పాడైపోయింది కాబట్టి, ఇక తేల్చడానికి మిగిలింది మనుషుల మాటే. సాయంత్రం అధికారి ఆమెని మళ్ళీ పిలిచి, డ్రైవరు చెప్పింది చెప్పి, "మరి మీరు అబద్ధం ఎందుకాడారమ్మా?" అన్నాడు.

ఆ రోజు నుంచీ అతను ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఆమె తియ్యడం లేదు.

* * *

అన్నయ్య మధ్యాహ్నం భోజనానికి కొట్టులోంచి పైకొచ్చాడు. కింద అద్దాల కొట్టు, పైన ఇల్లు. చేతులకంటిన గాజుపొడి మెట్ల మీదే దులుపుకుని రావడం అతని అలవాటు. ఈ పూట ఈల వేసుకుంటూ వచ్చాడు.

"చిన్నీ, నాలుగింటికి అతన్ని టీకి రమ్మన్నా" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

"ఎవర్ని?"

"ఎవర్నేమిటి. నీ డ్రైవర్ని."

చిన్ని అన్నయ్య మొహంలోకి చూసింది. కిందటి నెల దాకా అతనితో పెళ్ళి మాటెత్తితే ముఖం తిప్పుకున్న మనిషి. "నర్సు చదువు చదివించింది స్టీరింగు తిప్పేవాడికి ఇవ్వడానికా" అని వదినతో అన్నది గోడ ఇవతలికి వినబడింది. అలాంటిది ఇప్పుడు నోరారా పిలిచాడట.

"అతను విచారణలో నా మీద ఏం చెప్పాడో నీకు తెలుసా అన్నయ్యా?"

"తెలుసు."

"తెలిసే పిలిచావా?"

"మగాడు, ఉద్యోగం పోతుందని భయపడ్డాడు. ఒక మాట జారాడు. దానికి జీవితాంతం మొహం మాడ్చుకుని కూర్చుంటావా? వచ్చి పెళ్ళి మాట మాట్లాడతానన్నాడు. రెండేళ్ళుగా నువ్వు కోరుకుంటున్నది అదే కదా."

"ఒక మాట కాదు. నా ఉద్యోగం."

అన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంకాస్త వడ్డించు" అన్నాడు భార్యతో. వదిన గరిటె పట్టుకుని వచ్చింది. మామూలుగా అయితే అన్నాచెల్లెళ్ళ మధ్య ఏ గొడవ జరిగినా ఆమెకి ఇరువైపులా అభిప్రాయాలుంటాయి. ఈ పూట మొగుడి వైపూ చూడలేదు, ఆడపడుచు వైపూ చూడలేదు. వడ్డించిన కూరే మళ్ళీ వడ్డించింది.

* * *

నింపాది నాలుగు కొట్టకముందే వచ్చాడు. గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. అన్నయ్య అతని భుజం తట్టి, "మీరిద్దరూ మాట్లాడుకోండి" అని లోపలికి వెళ్ళాడు. లోపలంటే ఎక్కడికో కాదు, కర్టెన్ అవతలికి.

చిన్ని కిటికీ దగ్గరే నిలబడింది.

"కూర్చో" అన్నాడు అతను.

"చెప్పు."

"నా మీద కోపంగా ఉంటుంది. ఉండాలి కూడా." అతని గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. ఆ గొంతే ఆమెని ఇన్నాళ్ళూ కట్టిపడేసింది. పరిగెత్తే బండిలో రోగికి సూది గుచ్చాల్సి వచ్చినప్పుడు, ముందు సీట్లోంచి "గుంట" అనేవాడు. ఆమె చెయ్యి పైకెత్తేది. బండి ఒక్కసారి ఊగి సర్దుకునేది. "ఊఁ, ఇప్పుడు" అనేవాడు. ఆమె గుచ్చేది. అతను చెప్పకుండా ఒక్క గుంట కూడా వచ్చేది కాదు. ప్రేమిస్తున్నానని అతను చెప్పడానికి చాలా ముందే, ఆ ఒక్క మాటకే ఆమె మనసు అటు మొగ్గింది. తనవైపు వీపు పెట్టి కూర్చున్న మనిషి తన చెయ్యి ఎక్కడుందో తెలుసుకుని బండి తోలుతున్నాడంటే, ఇంతకంటే ఏం కావాలి అనుకుంది.

"నీ కోపం తీరేదాకా ఆగుదామంటే రేపే విచారణ" అన్నాడు. "ఒక్కటే అడుగుతా. స్టోరులో ఆలస్యమైందని ఒప్పేసుకో. బండి సంగతి భయపడి చెప్పానని చెప్పు. మహా అయితే నిన్ను తీసేస్తారు. అంతకంటే ఏం చెయ్యరు. నాకైతే లైసెన్సు పోతుంది, కేసవుతుంది. ఇద్దరిలో ఒకరికైనా ఉద్యోగం ఉండాలి కదా."

"ఆ ఒక్కరూ నువ్వు."

"పెళ్ళయ్యాక ఎలాగూ మానేద్దువుగానివి."

"మానేస్తానని నీతో ఎప్పుడన్నాను?"

"అనలేదు. రాత్రీ పగలూ ఈ తిరుగుళ్ళు... నేనే అనుకున్నా."

"నువ్వే అనుకున్నావు" అంది చిన్ని. "సరే. నేను ఒప్పుకోవాలంటే ఒకటి చెప్పు. బంకులో అంత జనం ఉంటే వెనక్కి తిప్పి వచ్చెయ్యొచ్చు కదా. ఫోన్ అన్నిసార్లు మోగితే తియ్యొచ్చు కదా. ఎందుకు తియ్యలేదు?"

"వినబడలేదు."

"సందు చివర కుక్క మొరిగితే వినబడే చెవులు నీవి."

అతను జవాబు చెప్పేలోగా కర్టెన్ కదిలింది. అమ్మ పళ్ళెంలో టీ గ్లాసులు పెట్టుకుని, ఒలకకుండా చూసుకుంటూ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది. ఇంట్లో ఏం జరుగుతోందో అమ్మకి ఎవరూ పూర్తిగా చెప్పరు. కూతురికి సంబంధం కుదురుతోందని మాత్రం చెప్పారు. ఆవిడ మొహం విప్పారి ఉంది.

"తీసుకో బాబూ. ఆ రోజు గడపదాకా వచ్చి కూడా పైకి రాకుండా వెళ్ళిపోయావు. నేను టీకి నీళ్ళు కూడా పెట్టాను."

నింపాది గ్లాసు అందుకోబోయి ఆగాడు.

"ఏ రోజమ్మా?" అంది చిన్ని.

"అదేనే. అన్నయ్య హోటలు వాళ్ళకి పెద్దద్దం ఇచ్చిన రోజు. మీ బండి కింద ఆగి ఉంటే నువ్వూ వచ్చావనుకున్నా. కిటికీలోంచి పిలిచాను కూడా. ఎవరూ పలకలేదు. అంతలోకే వెళ్ళిపోయారు."

కర్టెన్ అవతల అన్నయ్య దగ్గాడు.

ఆ రోజు చిన్నికి బాగా గుర్తుంది. హోటలు ప్రారంభం, పదింటికల్లా అద్దం గోడకి ఎక్కాలి. కొట్టు వ్యాను ముందు రోజు రాత్రి నుంచే మొరాయిస్తోంది. పొద్దున తను డ్యూటీకి బయల్దేరుతుంటే అన్నయ్య దాని కింద పడుకుని తిట్టుకుంటున్నాడు. సాయంత్రం ఇంటికొస్తే అద్దం లేదు. ఎవరి వ్యానో అద్దెకి దొరికి ఉంటుందనుకుంది. స్నానాల గదిలో నేల మీద పడున్న ముసలాయన మొహమే కళ్ళముందుండగా, ఇక అద్దం ఎలా వెళ్ళిందో అడగాలనిపించలేదు.

"అద్దం దేన్లో తీసుకెళ్ళారు?" అని అడిగింది.

నింపాది తల వంచుకున్నాడు. అన్నయ్య కర్టెన్ తోసుకుని వచ్చి, "ఇప్పుడదంతా ఎందుకే" అన్నాడు.

జవాబు వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. వదిన.

"స్ట్రెచర్ మీద" అంది. "గీతలు పడకుండా దుప్పట్లు నేనే ఇచ్చాను. రెండో కొస నేనే పట్టుకున్నాను. అయిదు నిమిషాల పనన్నారు."

"నువ్వు నోరు మూసుకుంటావా?" అన్నాడు అన్నయ్య.

"మూడు రోజులుగా మూసుకునే ఉన్నానుగా" అంది వదిన. అనేసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

చిన్ని కిటికీ చువ్వ పట్టుకుంది. అటు ముసలాయన నేల మీద పడి ఉండగా, ఇటు ఆయన పడుకోవాల్సిన మంచం మీద అద్దం పడుకుంది. తను గేటు దగ్గర నిలబడి ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, ఇదిగో ఈ మనుషులే, పొద్దున్నే తనకి డబ్బా కట్టిచ్చిన మనుషులే, మెల్లగా, మెల్లగా అనుకుంటూ దాన్ని మోశారు.

"నీ కోసమే చిన్నీ" అన్నాడు నింపాది. "మీ అన్నయ్య నాతో సరిగ్గా మాట్లాడిందే లేదు. ఆ పొద్దున ఫోన్ చేసి, ఏమయ్యా, ఒక సాయం చేసిపెడతావా అన్నారు. కాదంటే మన సంగతి అక్కడితో ఆగిపోయేది. చేస్తే ఈ గడప తొక్కొచ్చనుకున్నా. ఆ కాసేపట్లోనే కాల్ వస్తుందని నేను కలగన్నానా? ఫోన్ మోగేటప్పటికి హోటలు దగ్గర అద్దం సగం దింపి ఉంది. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. వదిలేస్తే పగిలిపోయేది."

"నా కోసం అద్దం మోశావు. అది నమ్ముతాను" అంది చిన్ని. "విచారణలో నా పేరు ఎవరి కోసం చెప్పావు?"

టీ మీద మీగడ కట్టింది.

"నువ్వైతే తట్టుకుంటావనుకున్నా" అన్నాడు చివరికి.

ఆ మాట ఆమెకి చెంపదెబ్బలా తగల్లేదు. అంతకంటే లోపలెక్కడో, మెల్లగా దిగింది. ఇతనికి తన బలం తెలుసు. తెలిసే, ఆ బలం మీదే బరువంతా దించేశాడు.

"బండి స్టార్టవ్వలేదని నేను చెప్పిన సంగతి నీకు అప్పటికే తెలుసా?"

"తెలీదు. తెలిసుంటే నేనూ అదే చెప్పేవాణ్ణి."

"ఇప్పుడు తెలిసింది కదా. ఈ మూడు రోజుల్లో వెళ్ళి, తప్పు చెప్పాను అని చెప్పావా?"

అతను అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్యే అందుకున్నాడు.

"ఇదిగో చిన్నీ, విను. బండిలో సరుకు మోసిన సంగతి బయటపడితే అతనొక్కడే కాదు, నేనూ పోతాను. పోలీసులు నా కొట్టు ముందుకొస్తారు. ఆ ముసలాయన అలా అయిపోడానికి నేనే కారణమంటారు. నువ్వు రేపు ఒక్క మాట ఒప్పుకుంటే అందరం గట్టున పడతాం. వచ్చే నెలలోనే పెళ్ళి పెట్టుకుందాం. బావగారూ అని అతను ఇప్పటికే పిలుస్తున్నాడు."

"ఎప్పటి నుంచి పిలుస్తున్నాడు? అద్దం దింపినప్పటి నుంచా?"

అన్నయ్య మొహం ఎర్రబడింది. "వెటకారం చాలు. సరే, వెళ్ళి నిజమే చెప్పు. ఎవరు నమ్ముతారు? ఒకసారి అబద్ధమాడి దొరికిపోయిన దానివి. అప్పుడు బండి మీద, ఇప్పుడు అన్న మీద నెడుతోందనుకోరూ? అతను కాదంటాడు. నేను కాదంటాను. మీ వదిన నన్ను కాదని అక్కడికి రాదు. నీ తరఫున చూశానని చెప్పేదెవరు?"

చిన్ని అమ్మ వైపు చూసింది.

అమ్మ ఖాళీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూర్చుని ఉంది. ఇప్పటిదాకా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తూ, తన నోటెంట వచ్చిందేమిటో నెమ్మదిగా అర్థం చేసుకుంటోంది. మొహంలో ఇందాకటి వెలుగు లేదు.

"అమ్మా, నువ్వు చూశావు కదా. రేపు నాతో వచ్చి ఆ ఒక్క మాట చెప్పు. బండి ఇక్కడ ఆగిందని."

"అమ్మ ఏం చూడలేదు" అన్నాడు అన్నయ్య. అరవలేదు. మామూలుగానే అన్నాడు. "చూశావా అమ్మా?"

అమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత పళ్ళెం అంచు మీద లేని మరకేదో బొటనవేలితో రుద్దింది. కొడుకు చేతి కూడు తింటున్న మనిషి. కూతురి జీతంతో కళ్ళకి ఆపరేషను చేయించుకున్న మనిషి.

"నాకు దూరం చూపు సరిగ్గా ఆనదు కదే చిన్నీ" అంది. "ఏ బండో ఏమిటో."

చిన్ని చెప్పులేసుకుంది. నింపాది లేచి, "ఎక్కడికి? నేను దింపుతా" అన్నాడు. అలవాటుకొద్దీ అన్నాడు. ఆమె అతన్ని దాటుకుని మెట్లు దిగింది. కింద కొట్టులో గోడలకానించిన అద్దాలన్నిట్లోనూ ఆమె కనబడింది. ఒక్కదానిలోకీ చూడకుండా రోడ్డెక్కింది.

* * *

ఆస్పత్రికి బస్సులో వెళ్ళడం ఆమెకి కొత్త. అడుగడుగునా ఆగే బస్సు. ఎవరూ దారి తియ్యరు, ఎవరూ కంగారుపడరు. కిటికీ పక్కన కూర్చుని, ఆమె రేపటి విచారణ గురించి ఆలోచించలేదు. అన్నయ్య చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అక్కడ ఆమె మాట ఎవరూ నమ్మరు. నమ్మినా నమ్మకపోయినా, ముందు చెప్పాల్సింది అక్కడ కాదనిపించింది.

వార్డులో రోగుల్ని చూసే వేళ. జనం వస్తూ పోతూ ఉన్నారు. చివరి మంచం చుట్టూ పచ్చ కర్టెన్ వేసి ఉంది. దాని బయట కుర్చీలో టికెట్ కలెక్టరుగారి కూతురు కూర్చుని, మోకాళ్ళ మీద పిల్లల పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దుతోంది. లెక్కల టీచరు. ఆ రోజు ఇంటి గుమ్మంలో నిలబడి, చిన్ని చొక్కా పట్టుకుని, "ఇప్పుడా వచ్చేది, ఇప్పుడా" అని కుదిపేసిన మనిషి. యూనిఫాం లేకుండా ముందు గుర్తుపట్టలేదు. పట్టాక ఎర్రపెన్ను మూత పెట్టింది.

చిన్ని తిట్లకి సిద్ధపడే వచ్చింది. టీచరు లేచి నిలబడింది.

"మీరా. ఈ ఎండలో ఇంత దూరం ఎందుకొచ్చారు? బస్సులోనే వచ్చారా?"

ఆ గొంతులో కోపం లేదు. చిన్నికి అర్థం కాలేదు.

"మీతో ఒక మాట చెప్పాలని వచ్చానండీ. ఆ రోజు బండి చెడిపోలేదు. నేను అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"స్టోరులోనూ ఆలస్యం కాలేదు. బండి వేరే చోట ఉంది. మా అన్నయ్య కొట్టు దగ్గర. అద్దం మోయడానికి వెళ్ళింది. నాకు ఈ రోజే తెలిసింది. కానీ డ్రైవరు చెప్పకుండా వెళ్ళాడని అప్పుడే తెలుసు. తెలిసీ దాచాను."

టీచరు ఆమెని తేరిపార చూసింది. పిల్లాడు చేసిన లెక్కలో తప్పు ఎక్కడ పడిందో వెతికే చూపు. తర్వాత ఎందుకో నిట్టూర్చింది.

"ఇప్పుడీ అద్దం కథ ఎందుకండీ? జరిగిందంతా మీ డ్రైవరు చెప్పాడు. పొద్దున వచ్చాడు. ఇక్కడే, ఈ నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఆలస్యం మీవల్లే అయిందని, కానీ మిమ్మల్ని క్షమించమని. మీ పరిస్థితి చెప్పి బతిమాలాడు."

"నా పరిస్థితా?"

"నా దగ్గర దాచుకోనక్కర్లేదు. నాకూ ఇద్దరు పిల్లలు." టీచరు గొంతు తగ్గించింది. "మూడో నెలని చెప్పాడు. వాంతులతో స్టోరులోంచి కదల్లేకపోయారని, బయటికి చెప్పుకోలేక బండి మీద నెట్టారని. వచ్చే నెలలో పెళ్ళని. నాన్నని ఇలా చూస్తే నాకు రక్తం ఉడుకుతుంది, నిజమే. కానీ కడుపుతో ఉన్న పిల్లని వీధిలో పెట్టి నేనేం బావుకుంటాను? ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని మాటిచ్చాను. రేపు పొద్దున్నే వెళ్ళి చెబుతాను."

పేపర్లు మంచం పక్కనున్న బల్ల మీద పెట్టి, టీచరు తన కుర్చీ ముందుకు లాగింది.

"ముందు కూర్చోండి. ఇంతసేపు నిలబడకూడదు."

చిన్ని ఆ కుర్చీ వైపు చూసింది. ఇప్పుడందులో కూర్చుంటే చాలు, ఏమీ అనక్కర్లేదు. రేపు ఫిర్యాదు ఉండదు. అన్నయ్య కొట్టుకి పోలీసులు రారు. అతని లైసెన్సు పోదు, తన ఉద్యోగమూ పోకపోవచ్చు. ఎదురుగా ఈమె జాలిగా చూస్తోంది. మూడు రోజుల్లో తనని జాలిగా చూసిన మొదటి మనిషి. ఆ జాలి కూడా అతను తనకి చెప్పకుండా తన పేరు మీద అడిగి తెచ్చిందే. వార్డులో నర్సులు, కంట్రోల్ రూములో వాళ్ళు, స్టేషన్లో వాళ్ళు... పొద్దుటినుంచి ఇది ఎంతమంది చెవిన పడి ఉంటుందో.

ఆమె కూర్చోలేదు.

"అది కూడా అబద్ధమేనండీ" అంది. "నేను కడుపుతో లేను. పెళ్ళి లేదు."

టీచరు చెయ్యి కుర్చీ వెనక అలాగే ఉండిపోయింది. మొహంలోంచి జాలి నెమ్మదిగా జారిపోవడం చిన్ని కళ్ళారా చూసింది. దాని వెనక ఆ రోజు గుమ్మంలో చూసిన మొహమే మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడు చెబుతున్నదే నిజమని నేనెందుకు నమ్మాలి?"

"నమ్మమని అడగడానికి నాకు మొహం లేదు. చెప్పకుండా ఉండలేక వచ్చాను."

పక్క మంచం దగ్గర ఎవరో నారింజ ఒలుస్తున్నారు. టీచరు వెనక్కి తిరిగి, పచ్చ కర్టెన్ అంచు పట్టుకుంది.

"అయితే నాకు కాదు. నాన్నకి చెప్పండి. అద్దం దగ్గర్నుంచి అంతా మళ్ళీ చెప్పండి. ఆయనకి అన్నీ వినబడతాయి. మాటే రాదు."

కర్టెన్ ఉంగరాలు గలగలమంటూ పక్కకి జరిగాయి. దిండు మీద ముసలాయన కళ్ళు తెరిచే ఉన్నాయి. అప్పటికే ఆమె వైపే చూస్తున్నాయి.